క్లీవన్ మెడలో తాళంచెవి

శవం మెడలో తాళంచెవి ఉంది.

చూశాను కానీ నోరు మెదపలేదు. గ్లోవ్ వేసుకున్న వేలితో చొక్కా కాలర్ కాస్త పక్కకు జరిపాను. నల్లతాడు, దాని చివర చిన్న ఇత్తడి తాళంచెవి. మళ్లీ కాలర్ సర్దేశాను. నా వెనకాల కెప్టెన్ డ్వెయిన్ స్ట్రిక్‌ల్యాండ్ నిలబడి ఉన్నాడు. నా వీపు వెడల్పు నాకు మొదటిసారి పనికొచ్చింది.

ఖైదీ మెడలో తాళంచెవి! తొమ్మిదేళ్లుగా ఈ కౌంటీలో శవాలు చూస్తున్నాను. ఖైదీల జేబుల్లో చింపిన బైబిలు పేజీ చూశాను, పొగాకు చూశాను, పిల్లల ఫోటోలు చూశాను. తాళంచెవి మాత్రం ఏనాడూ చూడలేదు. ఖైదీ దగ్గర అది దొరికితే పారిపోబోయాడని కేసు రాస్తారు.

"ఏం వెర్నెల్, ఇంకా ఎంతసేపు? నాలుగింటికి మా వ్యాన్ కదలాలి. నాలుగున్నరకి క్యాంపులో తలలు లెక్కపెడతారు," అన్నాడు డ్వెయిన్.

"చచ్చినవాడి తల కూడా లెక్కలోకొస్తుందా?"

"వస్తుంది. మా మనిషి కదా. శవాన్ని కూడా మాకే అప్పగించాలి."

"ఎవరి మనిషో నేను సంతకం పెట్టాక చూద్దాం."

మేమిద్దరం ఎనిమిదో తరగతి దాకా ఒకే బడి, ఒకే బెంచీ. నా పెన్సిల్ తీసుకుని తనదే అని టీచరు ముందు ఒట్టేసి చెప్పిన రకం ఇతను. ఇప్పుడు పైన్ ఫోర్క్ ఖైదీల క్యాంపుకి కెప్టెన్. ఆ క్యాంపు ఒక ప్రైవేటు కంపెనీది, మనుషుల్ని ఫ్యాక్టరీలకి అద్దెకిస్తుంది. నేను వెర్నెల్ పెట్‌వే, కరోనర్ ఆఫీసులో దర్యాప్తు అధికారిని. మంచం మీద కాకుండా ఎవరు ఎక్కడ పోయినా నన్ను పిలుస్తారు. ఆ చావు ప్రమాదమో, హత్యో ఒక్క మాట రాయడం నా ఉద్యోగం.

చనిపోయినవాడు క్లీవన్ మోస్లీ, నలభై ఒక్క ఏళ్లు. టిల్‌మన్ గ్రోవ్ కోళ్ల ప్లాంటులో యంత్రాలు కడిగే పదిమంది ఖైదీల జట్టులో ఒకడు. కోసిన కోళ్లని చల్లార్చే తొట్టి స్కూలు బస్సంత పొడవుంటుంది. దానిలో మనిషెత్తు ఉక్కు మర తిరుగుతూ కోళ్లని ముందుకు తోస్తుంది. ఇవాళ శనివారం, ఒంటిపూట పని. నీళ్లు వదిలేసి, మోస్లీ లోపలికి దిగి కడుగుతుండగా మర తిరిగింది. యంత్రం పెట్టెలో ఆ సమయం పడి ఉంది: పదకొండు నలభై ఏడు. అంబులెన్సుకి ఫోను వెళ్లింది పదకొండు యాభై రెండుకి. మధ్యలో ఐదు నిమిషాలు.

మర ఏం చేసిందో ఇక్కడ రాయను. శవాన్ని బయటికి తీసిన ఫైరింజన్ వాళ్లలో ఒకడు ఇరవై ఏళ్ల సర్వీసున్నవాడు, బయటికెళ్లి గోడకి చేరగిలపడి ఏడ్చాడు. 

డ్వెయిన్ నా చేతికి మోస్లీ వివరాల కాగితం ఇచ్చాడు. దగ్గరి బంధువు పేరు రాయాల్సిన చోట ఖాళీగా ఉంది.

"ఎవరూ లేరా?"

"లేరు. అడిగేవాడు లేడు, ఏడ్చేవాడు లేడు. నువ్వు 'ప్రమాదం' అని రాసేస్తే అందరం భోజనానికి పోవచ్చు."

అప్పటికి టైము రెండు పది.

* * *

ప్లాంటు మేనేజరు రస్ బాస్కిన్ తన గదిలో నెత్తిమీద వల తియ్యడం కూడా మర్చిపోయి కూర్చున్నాడు. కోళ్ల ప్లాంటులో అందరూ నెత్తికి వల పెట్టుకోవాల్సిందే, జుట్టు మాంసంలో పడకూడదు. అతని వెనక గోడ మీద పెద్ద అక్షరాల బోర్డు: 'రెండో అవకాశం. విడుదలైన ప్రతి మనిషికీ ఇక్కడ ఉద్యోగం సిద్ధం.'

"ఖైదీలు యంత్రంలోకి దిగేటప్పుడు స్విచ్‌కి తాళం ఎవరు వేస్తారు?" అన్నాను.

"నేనే. నీలం తాళంకప్ప ఒకటుంది, జట్టంతటికీ అదే. పదకొండింటికి వేశాను. పదకొండు నలభై ఐదుకి అందరూ బయటికొచ్చారని చెబితే తీశాను. వాడు మళ్లీ ఎందుకో లోపలికి దిగాడు. వాడి కర్మ."

"ఎవరి కప్ప వాళ్లకి ఎందుకివ్వరు?"

"క్యాంపు ఒప్పుకోదు. ఖైదీ చేతికి తాళంకప్ప ఇస్తే మేజోడులో వేసి ఎవడి తలకాయో పగలగొడతాడట."

ఈ ఉద్యోగానికి ముందు పదకొండేళ్లు ఇలాంటి ప్లాంటులోనే కోడితొడల్లోంచి ఎముకలు తీశాను. కుడిచేతి బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా మడవదు. తాళం సంగతి నాకెవరూ నేర్పక్కర్లేదు. యంత్రంలో చెయ్యి పెట్టేముందు మెయిన్ స్విచ్ దించి, ఎవరి కప్ప వాళ్లు వేసుకోవాలి. ఎర్ర కప్ప, దానిమీద మన ఫోటో, పేరు. తాళంచెవి మన మెడలోనే ఉంటుంది, దేవుడొచ్చి అడిగినా ఇవ్వకూడదు. నేను పెళ్లి ఉంగరం ఇంట్లో మర్చిపోయిన రోజులున్నాయి కానీ ఆ తాళంచెవి మర్చిపోయిన రోజు లేదు. మా ప్రాణం దానికే వేలాడేది.

క్లీవన్ తాళంచెవి సరిగ్గా అలాగే, గుండె మీదికి వచ్చేలా కట్టుకున్నాడు.

"ఆ నీలం కప్ప చూపించండి."

బాస్కిన్ వెనకనున్న కొక్కెం మీంచి తీసి ఇచ్చాడు. దానికి కట్టిన అట్టముక్క కరకరలాడుతోంది. కొంచెం దుమ్ము కూడా ఉంది.

"పదకొండింటి నుంచి పావుతక్కువ పన్నెండు దాకా ఇది స్విచ్‌కి వేలాడిందంటారు?"

"అవును."

"ఆ గదిలో నలభై ఐదు నిమిషాలు పైపులతో నురగ కొట్టారు. గోడలు ఇంకా కారుతున్నాయి. నేను పది నిమిషాలు నిలబడితే నా బూట్లలోకి నీళ్లొచ్చాయి. ఈ అట్టముక్కకి మాత్రం చుక్క తగల్లేదా బాస్కిన్ గారూ? గొడుగేమైనా వేశారా దీనికి?"

అతను ఆ అట్టముక్క వంక చూశాడు. "అంటే... ఒక్కోసారి హడావిడిలో..."

"ఇవాళ తాళం వెయ్యలేదు. అంతేనా?"

"అందరూ ప్రతిసారీ వేస్తారా మేడమ్? మీరూ పనిచేసినవారే కదా. ఊళ్లోవాళ్లు ఈ పనికి రారు. వచ్చినా రెండు వారాలు. ఖైదీలైతే ఠంచనుగా వస్తారు, జ్వరమొచ్చినా వస్తారు. వాళ్లకి నాలుగు డబ్బులు, మాకు పని. తప్పేముంది?"

"రానంటే ఏమవుతుంది?"

"అది క్యాంపు సంగతి," అన్నాడు.

గుమ్మంలోంచి డ్వెయిన్ సమాధానం చెప్పాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. "రానంటే రిపోర్టు రాస్తాం. మూడు రిపోర్టులైతే పెరోల్ మీద విడుదల మాటెత్తక్కర్లేదు. బలవంతమేమీ లేదు వెర్నెల్, ఎవరి ఇష్టం వాళ్లది."

"ఎంత చక్కటి ఇష్టం! నువ్వెన్నింటికి వచ్చావు ప్లాంటుకి?"

"ఫోను చేశాక. పన్నెండు ఇరవైకి."

అడిగిన వెంటనే నిమిషాలతో సహా చెప్పాడు. రాసుకున్నాను.

* * *

తొట్టి దగ్గరికి మళ్లీ వెళ్లాను. మెయిన్ స్విచ్ గోడకి ఈ పక్కనుంది. మర తిప్పే మీట తొట్టికి అవతలి పక్కన, అక్కడ నిలబడితే తొట్టి లోపల ఏముందో కనబడదు. స్విచ్ హ్యాండిల్ మీద, తాళం వేసే చిల్లు దగ్గర, కొత్తగా గీసుకుపోయిన గుర్తుంది. కింద నేలంతా నురగ, కొవ్వు, ఈకలు.

డ్వెయిన్ నవ్వాడు. "పోలీసువాళ్లు నేలంతా వెతికారు. ఏమీ దొరకలేదు."

"వాళ్లెప్పుడూ కోళ్ల ప్లాంటులో పనిచెయ్యలేదు."

ఇక్కడ నేల మీద పడింది నేల మీద ఉండదు. పైపు నీళ్లకి అన్నీ కొట్టుకుపోయి మురుగు గుంటలోని జల్లెడ బుట్టలో చేరతాయి. నేను నా చెవిపోగులు రెండుసార్లు అక్కడే ఏరుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని, జల్లెడ బుట్ట పైకి లాగి, ఆ కొవ్వులో చెయ్యి పెట్టాను. మూడో పిడికిట్లో గట్టిదేదో తగిలింది.

వంకీ తిరిగిన ఉక్కుముక్క. తాళంకప్పకుండే కొక్కెం. రెండు చివర్లూ తళతళలాడుతూ, వెన్న కోసినట్టు తెగి ఉన్నాయి.

నీలం కప్ప చెక్కుచెదరకుండా ఉంది. మరి తెగిన ఈ కప్ప ఎవరిది? ఎర్ర కప్పలుండే ఉద్యోగులంతా పదకొండున్నరకల్లా ఇళ్లకి పోయారని గేటు దగ్గర హాజరు కార్డులు చెబుతున్నాయి. ఆ తర్వాత తొట్టి దగ్గర బాస్కిన్, ఖైదీలు తప్ప ఎవరూ లేరు. ఖైదీలకి కప్పలుండవు.

ఆ ముక్కని సంచిలో వేస్తుంటే డ్వెయిన్ నవ్వు ఆగిపోయింది. "ఏంటది?"

"చెవిపోగు," అన్నాను.

* * *

ప్రమాదం జరిగినప్పుడు మోస్లీకి దగ్గర్లో ఉన్నది ఒక్కడే అని చెప్పారు. ఆర్లిస్ టబ్, అరవై రెండేళ్లు. నేను భోజనాల గదిలోకి వెళ్లేసరికి ఆయన మూల కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. బల్లమీద క్యాంపువాళ్లిచ్చిన శాండ్‌విచ్, ఆపిల్ పండు ముట్టుకోకుండా పడున్నాయి. నేను కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితాలు సర్దుకుని, కలం తీసేదాకా ఆయన కడుక్కుంటూనే ఉన్నాడు. కుడి అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. పాపం, భయమనుకున్నాను.

"టబ్, ఇలా రా. అడిగినదానికి జవాబు చెప్పు. వ్యాన్ టైమవుతోంది," అన్నాడు డ్వెయిన్. ఆయన వయసుకి ఇవ్వాల్సిన గౌరవంలో సగమైనా లేదు గొంతులో.

టబ్ వచ్చి నిలబడ్డాడు. "నంబరు చెప్పమంటారా మేడమ్?"

"పేరు చాలు. కూర్చోండి."

ఆయన కూర్చోకుండా డ్వెయిన్ వైపు చూశాడు. ఇలా అయితే పని జరగదు.

"డ్వెయిన్, నీకు శవం కావాలన్నావు కదా? మూడో నంబరు ఫారం పూరించాలి. నా కారులో ఉంది, ముందు సీటు కింద పెట్టెలో. తెచ్చుకో."

అతను ఒక్క క్షణం ఆలోచించి, తాళాలు తీసుకుని వెళ్లాడు. మూడో నంబరు ఫారం అనేదే లేదు. నా కారులో పెట్టెలు మాత్రం పదకొండున్నాయి. వెతుక్కోనీ.

"ఇప్పుడు చెప్పండి అన్నా. ఏం చూశారు?"

"ఏమీ చూడలేదు తల్లీ."

"ఆయన లేడిప్పుడు."

"ఆయన లేకపోతే ఏం, సాయంత్రం ఉంటాడు. రేపుంటాడు." టబ్ గొంతు తగ్గించాడు. "మంగళవారం నా పెరోల్ విచారణ. పంతొమ్మిదేళ్లయింది లోపలికొచ్చి. జూన్‌లో మా అమ్మ పోయింది. ముసలివాళ్ల ఆశ్రమంలో ఉండేది, మతి తప్పింది. ఎవరి మొహమూ గుర్తుండేది కాదు, ఫోన్లో నా గొంతు మాత్రం గుర్తుపట్టేది. 'ఆర్లీ, ఎప్పుడొస్తావురా, గ్రిట్స్ జావ చల్లారిపోతోంది' అనేది. ఆఖరిచూపుకి పంపమంటే ప్లాంటులో మనుషులు తక్కువున్నారన్నారు. కోళ్లు కడుగుతూ కూర్చున్నాను ఆ రోజు. నోరు మూసుకున్నాను. మంగళవారం కోసమే మూసుకున్నాను. ఇప్పుడు నన్ను మాట్లాడించొద్దు తల్లీ, నీకు పుణ్యముంటుంది."

ఈయన మాట్లాడితే మంగళవారం పోతుంది. మాట్లాడకపోతే క్లీవన్ పోయినట్టే, 'ప్రమాదం' అనే ఒక్క మాట కింద. డ్వెయిన్ మధ్యాహ్నమే చెప్పాడు, ఈయన్ని ఈ రాత్రికే వేరే క్యాంపుకి మారుస్తారట. వ్యాన్ కదిలిందంటే ఇక ఈ మనిషి నాకు దొరకడు.

బల్ల మీద తాళంచెవి ఫోటో పెట్టాను, నా ఫోన్లో తీసింది. "ఇదొక్కటి చెప్పండి. క్లీవన్ మెడలోకి ఇదెలా వచ్చింది?"

టబ్ దాన్ని చూసి కళ్లు మూసుకున్నాడు.

"పొద్దున చూపించాడు," అన్నాడు. "పదింటికి వలలు తెచ్చుకుందామని స్టోరుకెళ్లి, పరిగెత్తుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. 'బాబాయ్, ఇవాళ నా తాళం నేనే వేసుకుంటాను. సాయంత్రం వ్యాన్ ఎక్కను' అన్నాడు. ఎర్ర కప్ప. దానిమీద వాడి ఫోటో. పిచ్చి పట్టిందిరా నీకు, దాచెయ్యి, చంపేస్తారు అన్నాను." ఆయన కుడిచెయ్యి బల్ల కింద పెట్టుకున్నాడు. "సరదాకే అన్నాను తల్లీ, చంపేస్తారని."

"స్టోరులో ఎవరిచ్చారు?"

"ఇమోజీనమ్మ."

"తర్వాత కెప్టెన్ వచ్చాడా?"

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. డ్వెయిన్ మొహం కందగడ్డలా ఉంది.

"ఫారం లేదు. అలాంటి ఫారమే లేదని మీ ఆఫీసుకి ఫోను చేస్తే చెప్పారు," అన్నాడు. "బాగుంది వెర్నెల్. పాతికేళ్ల సర్వీసులో నన్ను ఇలా ఆటపట్టించినవాళ్లు లేరు. టబ్, లే. వ్యాన్‌లోకి నడు. నాలుగు దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే పోతున్నాం."

"సాక్షిని నేనింకా వదల్లేదు."

"సాక్షి కాదు, ఖైదీ. నా అనుమతి లేకుండా నువ్వు వీడితో వాతావరణం గురించి కూడా మాట్లాడకూడదు. కావాలంటే జడ్జి దగ్గరికెళ్లు. సోమవారం తెరుస్తారు."

చట్టం అతని వైపే ఉంది. టబ్ నడుచుకుంటూ పోయాడు, వెనక్కి చూడలేదు.

మూడు ఇరవై ఐదు.

* * *

స్టోరు గది నెత్తివలలు, గ్లోవ్సు, బూట్ల పెట్టెలతో నిండిపోయి ఉంది. మిస్ ఇమోజీన్ డెబ్భైకి దగ్గర్లో ఉన్న మనిషి. చర్చిలో నాకు నాలుగు వరసల ముందు కూర్చుంటుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"నేనే ఇచ్చానే అమ్మా," అంది నన్ను చూడగానే. "ఆరు వారాలుగా ఇక్కడ పడుంది వాడి కప్ప. తీసుకెళ్లడేమని చూస్తున్నాను. పొద్దున వలల కోసం వస్తే చూద్దును కదా, ఇంకా ఖైదీల తెల్లబట్టల్లోనే ఉన్నాడు. 'ఏరా, నీ కప్ప పట్టుకెళ్లవేం? అద్దెలేమైనా వస్తున్నాయా నాకు?' అని మెడలో తాళంచెవి నేనే వేశాను."

"ఖైదీకి కప్ప చెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఖైదీకెందుకు చేస్తాను! విడుదలైనవాళ్లకే చేస్తాను."

నాకు అర్థం కాలేదు. అర్థమవుతోందేమోనని భయం కూడా వేసింది. "మెల్లగా చెప్పు పిన్నీ."

ఆమె సొరుగులోంచి చీటీల కట్ట తీసింది. 'రెండో అవకాశం' పేరు మీద అచ్చేసిన చీటీలు. విడుదల చెయ్యమని పెరోల్ బోర్డు ఉత్తరం పంపగానే ఒక కాపీ క్యాంపుకి, ఒక కాపీ ప్లాంటుకి వస్తుందట. ప్లాంటు ఆఫీసు నుంచి స్టోరుకి చీటీ దానంతటదే వస్తుంది. మనిషి బయటికొచ్చి మొదటిరోజు పనిలో చేరేసరికి తన పేరుతో ఎర్ర కప్ప సిద్ధంగా ఉండాలి. గోడ మీద బోర్డు పెట్టుకున్న రోజుల్లో బాస్కినే పెట్టిన పద్ధతి. తర్వాత దాని సంగతి అతనికే గుర్తులేదు. ఇమోజీనమ్మకి మాత్రం గుర్తుంది. చీటీ వస్తే కప్ప చెయ్యడం ఆమె పని, ఇరవై రెండేళ్లలో ఒక్క చీటీ తప్పలేదు.

క్లీవన్ మోస్లీ చీటీ మీద తేదీ: సెప్టెంబరు ఒకటి.

ఇవాళ అక్టోబరు పద్నాలుగు.

నలభై మూడు రోజులు! చచ్చిపోయింది ఖైదీ కాదు. నలభై మూడు రోజుల కిందటే స్వేచ్ఛ వచ్చిన మనిషి. ఆ సంగతి తెలీక రోజూ తెల్లబట్టలేసుకుని, వ్యాన్ ఎక్కి, తలల లెక్కలో నిలబడి, కోళ్ల కొవ్వు కడిగాడు. ఉత్తరం క్యాంపులో ఆగిపోయింది. వెళ్లిపోతే క్యాంపుకి ఒక అద్దె మనిషి తగ్గుతాడు, ప్లాంటుకి ఒక పనివాడు తగ్గుతాడు. అడిగేవాళ్లు లేనివాణ్ని చూసి ఎంచుకున్నారు. తను స్వతంత్రుణ్ననే సంగతి వాడికి ఒక తాళంకప్ప చెప్పాల్సి వచ్చింది.

"వాడు ఆ చీటీ చదివి నేల మీద కూలబడ్డాడు," అంది ఇమోజీన్. "తర్వాత నవ్వాడు. తిన్నగా బాస్కిన్ గారి దగ్గరికి వెళ్తానన్నాడు. పదకొండింటికి నేను తలుపు సందులోంచి చూస్తే తొట్టి దగ్గర అరుస్తున్నాడు. 'నా కప్ప వేశాను. దీన్ని నేనే తియ్యాలి. బోర్డుకి ఫోను చేసేదాకా లోపలి నుంచి రాను' అని."

"అప్పుడు బాస్కిన్ ఏం చేశాడు?"

"ఫోను చేశాడు. కానీ బోర్డుకి కాదు. పదకొండున్నరకి కెప్టెన్ గారొచ్చారు."

"పదకొండున్నర! నీకు కచ్చితంగా తెలుసా పిన్నీ? ఆయన పన్నెండు ఇరవై అంటున్నాడు."

ఆమెకి కోపం వచ్చింది. "నా పుస్తకంలో అబద్ధముంటుందా? లోపలికెళ్లే ప్రతివాడూ నా దగ్గర వల తీసుకోవాలి. ఆయనకి తలకొకటి, గడ్డానికొకటి. గడ్డానికి వద్దని గింజుకుంటే, ప్రెసిడెంటుకైనా తప్పదు నాయనా అన్నాను. ఇదిగో, పదకొండు ముప్ఫై ఒకటి. ఆయన సంతకం."

సంతకం అతనిదే. ఎనిమిదో తరగతిలో ఉన్నట్టే ఉంది, ఆఖరి అక్షరానికి తోక.

పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. వెళ్లబోతూ ఆమె వెనక గోడ చూశాను. చెక్క పలక, దానికి మేకులు. మేకులకి ఎర్ర కప్పలు వేలాడుతున్నాయి. ఐదు.

"ఇవెవరివి?"

"ఇవీ అంతే, ఎవరూ పట్టుకెళ్లలేదు. ఖైదీల ముఖాలు నాకు గుర్తుండవమ్మా, అందరూ ముక్కుదాకా గుడ్డలు కట్టుకునే వస్తారు. క్లీవన్ ఒక్కడే గుడ్డ దించి పలకరించేవాడు."

ఒక్కో కప్ప తిప్పి చూశాను. నాకు తెలీని పేరు. తెలీని పేరు. ఐదోదాని మీద ఫోటో, దాని కింద చీటీ తేదీ చూసి నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

బయట వ్యాన్ హారన్ మోగింది. ఐదు కప్పలూ జేబులో కుక్కుకుని పరిగెత్తాను. యాభై నాలుగేళ్ల వయసులో, తడిసిన బూట్లతో ఎలా పరిగెత్తానో ఆ దేవుడికే తెలియాలి.

* * *

వ్యాన్ గేటువైపు తిరుగుతోంది. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. డ్వెయినే నడుపుతున్నాడు. బంపర్ నా మోకాళ్లకి జానెడు దూరంలో ఆగింది.

"చస్తావు వెర్నెల్! తప్పుకో!"

"ఇవాళ ఒకరు చాలు. పక్క తలుపు తియ్యి."

"నీకు మతి పోయింది."

"పదకొండు ముప్ఫై ఒకటికి గడ్డానికి వల పెట్టుకున్నావు డ్వెయిన్. పుస్తకం నా సంచిలో ఉంది. పోలీసులకి ఫోను చేశాను, వస్తున్నారు." ఫోను చెయ్యలేదు. చేసే తీరికేదీ?

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి మాత్రం గేరు మీంచి తియ్యలేదు. నేను పక్కకెళ్లి తలుపు నేనే లాగాను. లోపల ఇనుప వల వెనక తొమ్మిది మంది. ముందు వరసలో ఆర్లిస్ టబ్.

"ఆర్లిసన్నా, దిగండి."

"దిగను తల్లీ. నాలుగున్నరకి లెక్కలో లేకపోతే పారిపోయానంటారు. మంగళవారం..."

"మంగళవారం లేదు."

ఆయన నా వంక అయోమయంగా చూశాడు. నేను ఎర్ర కప్ప వలకి ఆనించి పట్టుకున్నాను. దానిమీద ఆయన ఫోటో ఉంది. పాత ఫోటో, జుట్టు ఇంకా నల్లగా ఉంది.

"మీకు విచారణేమీ లేదన్నా. అయిపోయింది. బోర్డు ఎప్పుడో వదిలేసింది మిమ్మల్ని. వీళ్లు దాచారు."

"టబ్! అదంతా అబద్ధం. కూర్చో!" అరిచాడు డ్వెయిన్.

టబ్ అతని మాట విన్నట్టే లేడు. వేళ్లు వలలోంచి పెట్టి ఆ కప్పని తాకాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

చెప్పాలనిపించలేదు. చెప్పక తప్పలేదు.

"ఏప్రిల్ పదకొండు."

ఆయన పెదాలు కదిలాయి. ఏప్రిల్, మే, జూన్. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"ఏప్రిల్‌లో మా అమ్మ బతికే ఉంది," అన్నాడు.

ఆయన లేచాడు. వల తలుపు గడియ ఈవల ఉంది, నేను తీశాను. మెట్టు దిగి నేల మీద నిలబడి, తన కుడి అరచెయ్యి నా ముందు చాపాడు. కుళాయి కింద అంతసేపు రుద్దిన చెయ్యి.

"కప్ప కోసింది కెప్టెన్. ఇనుము కోసే కట్టర్ నా సీటు కిందే ఉంది, చూసుకో. కోసి స్విచ్ ఎత్తాడు. క్లీవన్ బయటికొచ్చేశాడు, మర తిప్పు అన్నాడు నాతో. మీట దగ్గర్నుంచి నాకు తొట్టి కనబడదు. 'ఒకసారి చూసొస్తానయ్యా' అన్నాను. 'మంగళవారం కావాలా వద్దా' అన్నాడు." అరచెయ్యి ఇంకా చాపే ఉంచాడు. "నొక్కింది ఈ చెయ్యే తల్లీ. ఏప్రిల్ నుంచి నేను ఆ మనిషి మాట వినక్కర్లేదు. నాకు తెలీదు."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. వెనకాల డ్వెయిన్ ఇంజన్ రేజ్ చేస్తున్నాడు. గేటు తెరిచే ఉంది.

అప్పుడు వల వెనక చీకట్లోంచి ఎవరో అడిగారు, చాలా మెల్లగా, మర్యాదగా.

"మేడమ్... నా పేరు కూడా ఉందేమో కాస్త చూస్తారా?"

వ్యాన్‌లో ఇంకా ఎనిమిది మంది ఉన్నారు. నా జేబులో నాలుగు కప్పలున్నాయి.